మోకాలు ఒకటే, డిగ్రీలు అయిదు: ఆటలంటే ఇష్టమున్న పిల్లలు ఇంటర్ తరవాత ఏం చదవొచ్చు

“మా గుంట కబడ్డీ బాగా ఆడతాది బాబూ. బైపీసీ పాసైపోనాది. ఆటల్లోనే ఉంటూ సదివే సదువేదైనా ఉందేటి? ఉజ్జోగమొస్తాదా?”

ఆమదాలవలస వైపు పల్లె నుంచి ఒకాయన కూతురి మోకాలు చూపించడానికి వచ్చి, అంతా అయ్యాక, వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి అడిగారీ మాట. నేను శ్రీకాకుళంలో ఫిజియోథెరపిస్టుని. ఇంటర్ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి కౌన్సెలింగులు ముగిసేదాకా ఈ ప్రశ్న నాకు కొత్త కాదు, కానీ ఆ రోజు ఆయన ఫోన్‌లో ఎవరో బంధువు పంపిన చిట్టా చూశాక మాత్రం ఇది కూర్చుని రాయాల్సిన విషయమే అనిపించింది. బీపీటీ, బీపీఈడీ, బీపీఈఎస్, బీపీవో, బీఎస్సీ ఎక్సర్‌సైజ్ సైన్స్. వరసగా అంతే, పక్కన ఒక్క ముక్క వివరణ లేదు. “ఇయన్నీ ఒకటేనా బాబూ?” అన్నారాయన.

ఒకటి కాదు. ఎంత వేరంటే, ఒకదాంట్లో చేరి పూర్తి చేశాక ఇంకోదాని ఉద్యోగం కావాలంటే చాలాసార్లు మళ్లీ మొదటి సంవత్సరంలో కూర్చోవాల్సి వస్తుంది.

పేర్లు పక్కన పెట్టి ఆ అమ్మాయి మోకాలితో మొదలుపెడతాను, ఎందుకంటే ఆ ఒక్క మోకాలి చుట్టూనే ఈ చదువులన్నీ కనిపిస్తాయి. బల్ల మీద పడుకోబెట్టి, మోకాలు కాస్త వంచి, ఒక చేత్తో తొడ కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో పిక్క పైభాగాన్ని ముందుకి లాగి చూశాను. బాగున్న కాలిలో అలా లాగితే లోపల తాడు బిగిసినట్టు టక్కున ఆగిపోతుంది. దెబ్బ తగిలిన కాలిలో ఆగలేదు, మెత్తగా ఇంకాస్త ముందుకి వచ్చేసింది. మోకాలి లోపల ముందువైపు ఉండే లిగమెంటు, ఏసీఎల్ అంటారు, అది తెగి ఉండొచ్చన్న అనుమానానికి అది గుర్తు. రైడ్‌కి వెళ్లిన పిల్ల పాదం నేలకి ఆనించి గిర్రున వెనక్కి తిరిగేటప్పుడు పాదం కదలక పైన తొడ మాత్రం తిరిగిపోతే జరిగే దెబ్బ ఇది, కబడ్డీలో తరచుగా చూస్తాం. ఎమ్మారై తీయించి ఎముకల డాక్టరుకి చూపించమని రాసిచ్చాను.

ఆపరేషన్ అవసరమైతే చేసేది ఆర్థోపెడిక్ సర్జన్. అది నీట్, ఎంబీబీఎస్ దారి, అందరికీ తెలిసిందే, దాన్ని వదిలేస్తున్నాను. అసలు కథ కుట్లు విప్పాక మొదలవుతుంది. తొడ ముందు కండరం కొద్ది వారాల్లోనే చిక్కిపోతుంది, పక్కపక్కన పెట్టి చూస్తే రెండు కాళ్లూ ఒకే మనిషివి కావనిపిస్తుంది. వాపు తగ్గించడం, మోకాలు పూర్తిగా చాపగలిగేలా చేయడం, ఆ కండరాన్ని మళ్లీ మేల్కొలపడం, నడక సరిచేయడం, మెట్లు ఎక్కించడం, ఇదంతా ఫిజియోథెరపిస్టు పని. దానికి చదవాల్సింది బీపీటీ, అంటే బ్యాచిలర్ ఆఫ్ ఫిజియోథెరపీ.

బీపీటీకి ఇంటర్‌లో బైపీసీ ఉండాలి. ఇంతకాలం మన రాష్ట్రంలో నాలుగేళ్ల చదువు, ఆ మీద ఆర్నెల్ల ఇంటర్న్‌షిప్, మొత్తం నాలుగున్నరేళ్లు. 2021లో పార్లమెంటు ఒక చట్టం చేసింది, దాని కింద అనుబంధ వైద్య వృత్తులకి ఒక జాతీయ కమిషన్ వచ్చింది. ఆ కమిషన్ 2025లో ఇచ్చిన కొత్త పాఠ్యప్రణాళికలో ఇంటర్న్‌షిప్ ఏడాది అయింది, అంటే మొత్తం అయిదేళ్లు. ప్రవేశాల పద్ధతి కూడా ఈ కమిషన్ వచ్చాక కదులుతోంది కాబట్టి, అన్నయ్య చేరినప్పుడు ఇలా ఉంది, పక్కింటి వాళ్లు ఇలా చెప్పారు అని కూర్చోకుండా ఏ ఏడాది నోటిఫికేషన్ ఆ ఏడాదే చదవండి. బైపీసీ పిల్లలు నీట్ ఒకసారి రాసి ఉంచుకోవడం ఎలా చూసినా మేలు. చదువులో మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ గట్టిగా ఉంటాయి, శవాన్ని కోసి చూపించే తరగతులు ఉంటాయి. “ఆటలకి సంబంధించిన కోర్సు కదా, తేలిగ్గా ఉంటుంది” అనుకుని చేరిన వాళ్లకి మొదటి ఇంటర్నల్స్‌కే టెన్షన్ మొదలవుతుంది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. బీపీటీలో మీరు ఎక్కువ కాలం చూసేది ఆటగాళ్లని కాదు. పక్షవాతం వచ్చిన పెద్దలు, మోకాళ్లు అరిగిన అమ్మమ్మలు, పలాసలో రోజంతా కూర్చుని జీడిపప్పు పని చేసి నడుం పట్టేసిన ఆడవాళ్లు, లేవలేని పసిపిల్లలు. వాళ్ల ఒళ్లు పట్టుకుని, ఓపిగ్గా, రోజూ అదే పని చేయడం మీకు ఇష్టమైతేనే ఇది మీ చదువు. ఆటగాళ్లతోనే పని చేయాలంటే ఆ తరవాత రెండేళ్ల ఎంపీటీలో, అంటే ఫిజియోథెరపీ పీజీలో, స్పోర్ట్స్ విభాగం తీసుకోవాలి.

ఇప్పుడు అదే మోకాలికి ఆపరేషన్ అయి ఆర్నెల్లు దాటిందనుకుందాం. అమ్మాయి నడుస్తోంది, నెమ్మదిగా పరిగెడుతోంది, నొప్పి లేదు. “ఇంక కోర్టులోకి దిగిపోనా?” అంటుంది, అందరూ అలాగే అంటారు. ఏసీఎల్ ఆపరేషన్ తరవాత కనీసం తొమ్మిది నెలలైనా ఆగమంటాం, ఊరికే రోజులు లెక్కపెట్టుకుంటే కూడా చాలదు. దెబ్బ తగిలిన కాలి తొడ బలం రెండో కాలితో పోలిస్తే 90 శాతమైనా ఉందా, ఒంటికాలి మీద ఎంత దూరం గెంతుతోంది, గెంతి దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలిపోతోందా, ఇవన్నీ కొలవాలి. పెద్ద శిక్షణ కేంద్రాల్లో నేలలో అమర్చిన పలక మీద గెంతిస్తారు, పాదం నేలని ఎంత బలంగా తన్నిందో, ఎడమ కుడి మధ్య తేడా ఎంతో అది అంకెల్లో చెప్పేస్తుంది. ఆ అంకెలు చదివి, వాటిని బట్టి ఏ వారం ఎంత బరువు ఎత్తించాలి, ఎంత పరిగెత్తించాలి అని రాసే మనిషి ఎక్సర్‌సైజ్ సైన్స్ చదివిన మనిషి. శరీరం శ్రమకి ఎలా స్పందిస్తుంది, గుండె ఊపిరితిత్తులు ఎంత ఆక్సిజన్ అందించగలవు, కండరం ఎప్పుడు అలసిపోతుంది, కీళ్ల మీద బలాలు ఎలా పడతాయి, ఆటకి ముందు మనసు ఎలా ఉంటుంది, ఇవీ వాళ్ల సబ్జెక్టులు. ఫిజియో పని దెబ్బ తగిలిన శరీరాన్ని మామూలు స్థితికి తేవడమైతే, వీళ్ల పని మామూలు శరీరాన్ని ఇంకా పైకి తీసుకెళ్లడం అని చెప్పుకోవచ్చు. ఒకరి పని ఎక్కడ ఆగి రెండోవారిది ఎక్కడ మొదలవుతుందో నిజ జీవితంలో గీత గీసినట్టు ఉండదు.

మన పిల్లలు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే, కాస్త నిలబడి చదవండి. ఇంటర్నెట్‌లో ఈ విషయం వెతికితే దొరికేదంతా అమెరికా సమాచారం. అక్కడ పిల్లలు ముందు నాలుగేళ్లు ఎక్సర్‌సైజ్ సైన్స్ లేదా కైనీసియాలజీ (శరీర కదలికల శాస్త్రం) డిగ్రీ చేసి, ఆ తరవాత మూడేళ్ల డాక్టరేట్ చేసి ఫిజికల్ థెరపిస్టులు అవుతారు. అది చూసి మనవాడు కూడా “ముందు ఎక్సర్‌సైజ్ సైన్స్ చేస్తాను, పీజీలో ఫిజియో తీసుకుంటాను” అంటాడు. మన దేశంలో ఆ మెట్టు లేదు. ఫిజియో ఇంటర్ నుంచి నేరుగా చేరే చదువు, ఎంపీటీకి బీపీటీ ఉండి తీరాలి. బీఎస్సీ ఎక్సర్‌సైజ్ సైన్స్ చేసిన వాళ్లు ఫిజియో కావాలంటే బీపీటీ మొదటి సంవత్సరంలో చేరాల్సిందే. తిరగేస్తే మాత్రం దారి ఉంది: బీపీటీ చేసిన వాళ్లని క్రీడా శాస్త్రం పీజీల్లోకి చాలాచోట్ల తీసుకుంటారు. అందుకే బైపీసీ ఉండి, రెండిట్లో ఏదో తేల్చుకోలేని పిల్లలకి నేను బీపీటీ వైపే చెబుతాను. నా వృత్తి అని కాదు, ఆ తలుపులోంచి రెండు గదులకీ వెళ్లొచ్చు కాబట్టి.

అలాగని ఎక్సర్‌సైజ్ సైన్స్ వద్దని కాదు. చెన్నైలోని శ్రీరామచంద్ర సంస్థలో స్పోర్ట్స్ అండ్ ఎక్సర్‌సైజ్ సైన్సెస్ డిగ్రీ ఉంది. మణిపూర్‌లో 2018 చట్టంతో వచ్చిన జాతీయ క్రీడా విశ్వవిద్యాలయంలో స్పోర్ట్స్ కోచింగ్‌లో డిగ్రీ ఉంది, ఇంఫాల్ దూరమే, ఇంట్లో వాళ్లు ఒప్పుకోవడమే కష్టం. ఈ చదువుతో భారత క్రీడా ప్రాధికార సంస్థ కేంద్రాల్లో, అకాడమీల్లో, ఫ్రాంచైజీ జట్లలో స్ట్రెంత్ అండ్ కండిషనింగ్ కోచ్ పనులు దొరుకుతాయి. వాటిలో చాలా మటుకు కాంట్రాక్టువి, ఊరు వదిలి తిరగాల్సినవి. ఈ కోచ్‌ల కోసమే ఉన్న, డిగ్రీ ఉంటేనే రాయనిచ్చే సీఎస్‌సీఎస్ లాంటి అంతర్జాతీయ సర్టిఫికేట్ ఒకటి చేతిలో ఉంటే విలువ పెరుగుతుంది. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: ఈ డిగ్రీతో ఊళ్లో బోర్డు పెట్టి ఫిజియోథెరపీ చేయడానికి వీల్లేదు.

ఆ అమ్మాయి మోకాలికి అసలు దెబ్బ తగలకముందు చూసిన మనిషి ఒకరున్నారు, వాళ్ల స్కూలు పీఈటీ. దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలకుండా దిగడం నేర్పగలిగింది ఆయనే. ఆటకి ముందు పావుగంట సరైన వార్మప్ చేయిస్తే ఇలాంటి దెబ్బలు బాగా తగ్గుతాయి, ఆ పావుగంట ఏ ఆస్పత్రి చేతిలోనూ ఉండదు. మన ప్రాంతంలో ఈ ఉద్యోగానికి ఉన్న గౌరవం ఈనాటిది కాదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గారు మద్రాసు సైదాపేటలో ఏడాది వ్యాయామ శిక్షణ పొందివచ్చి విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేశారు, సర్కస్‌తో దేశాలు తిరిగింది ఆ తరవాతే. శ్రీకాకుళం స్టేడియానికి పెట్టుకున్నది ఆయన పేరే.

ఈ దారిలో పేర్ల గందరగోళం అన్నిటికంటే ఎక్కువ. ఇంటర్ తరవాత రెండేళ్లు డీపీఈడీ, అంటే వ్యాయామ విద్యలో డిప్లొమా, చేస్తే పీఈటీ పోస్టుకి అర్హత. ఏదైనా డిగ్రీ చేసి, ఆ పైన రెండేళ్లు బీపీఈడీ, అంటే వ్యాయామ విద్యలో డిగ్రీ, చేస్తే స్కూల్ అసిస్టెంట్ వ్యాయామ విద్య పోస్టుకి అర్హత. బీపీఈడీ ఒకప్పుడు ఏడాదే, 2014 నిబంధనలతో రెండేళ్లయింది. ఈ రెండు కోర్సులకీ మన రాష్ట్రంలో పీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. రాయాలి అన్నాను గానీ అది మైదానంలో జరిగే పరీక్ష, పరుగు, షాట్‌పుట్, జంప్, ఆ మీద మీ ఆటలో నైపుణ్యం. నెలరోజుల ముందు లేచి పరిగెడితే అయ్యేది కాదు. ఇకపోతే బీపీఈఎస్ అనేది వ్యాయామ విద్య, క్రీడల్లో మూడేళ్ల మామూలు డిగ్రీ. నా పిన్ని కొడుకు ఒకడు, విజయనగరంలో ఉంటాడు, బయట రాష్ట్రంలో ఒక ప్రైవేటు కాలేజీ ఏజెంటు మాట నమ్మి బీపీఈఎస్‌లో చేరాడు. “ఇది చేస్తే డీఎస్సీ రాసేయొచ్చు, బీపీఈడీ అక్కర్లేదు” అని చెప్పారట. మూడేళ్లు అయ్యాక నోటిఫికేషన్ వస్తే అర్హతల గళ్లలో వాడి డిగ్రీ ఒక్కదాంతో సరిపోలేదు. మళ్లీ పీఈసెట్, మళ్లీ రెండేళ్లు. వాడు చదివిన మూడేళ్లు వృథా అని అనను, కానీ ముందే తెలిసి చదవడం వేరు, చివర్లో తెలియడం వేరు. ఆ రోజు వాడు నాకు ఫోన్ చేసి, “అన్నియ్యా, అర్హత గళ్లో మనది లేదు” అని మాత్రం అని కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇంత వివరంగా చెప్పడానికి అదే కారణం.

వ్యాయామ విద్యనే పెద్ద చోట చదవాలనుకుంటే గ్వాలియర్‌లో 1957 నుంచి ఉన్న లక్ష్మీబాయి సంస్థ ఉంది, అక్కడ ఇంటర్ తరవాత నేరుగా చేరే నాలుగేళ్ల బీపీఈడీకి పేరు. మనకి దగ్గర్లో విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వ్యాయామ విద్యా విభాగం ఉంది. డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్ కావాలంటే ఎంపీఈడీ, అంటే వ్యాయామ విద్యలో పీజీ, ఆ పైన యూజీసీ నెట్ కావాలి. ఒక్క ఆటలో కోచ్ కావాలంటే ఇవేవీ కాదు, పటియాలాలో 1961లో మొదలైన జాతీయ క్రీడా సంస్థ ఇచ్చే ఏడాది డిప్లొమా, దానికి డిగ్రీతో పాటు ఆ ఆటలో మీ రికార్డు కూడా చూస్తారు. 2025 మెగా డీఎస్సీలో 16,347 టీచరు పోస్టులు వచ్చినప్పుడు వ్యాయామ విద్య పోస్టులు కూడా అందులో ఉన్నాయి. కానీ డీఎస్సీ ఏటా వచ్చేది కాదు, మధ్యలో ఏళ్లు గడిచిపోతాయి. ఆ మధ్య కాలంలో ఏం చేస్తారో ముందే అనుకుని ఈ దారిలోకి రండి.

మోకాలి కథలో ఇంకొకరు మిగిలారు. ఆ అమ్మాయి కనురెప్ప కిందకి లాగి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంది. ఏం తింటున్నావమ్మా అంటే పొద్దున టీ, బిస్కెట్లు, ప్రాక్టీసు, మధ్యాహ్నం అన్నం చారు. హిమోగ్లోబిన్ తక్కువున్న పిల్ల ఎంత పరిగెత్తినా త్వరగా ఆయాసపడుతుంది, అలిసిపోయిన కాలు తప్పుగా దిగుతుంది. ఇది న్యూట్రిషన్ చదివినవాళ్ల పని. న్యూట్రిషన్ అండ్ డైటెటిక్స్‌లో బీఎస్సీ చేసి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో క్రీడా పోషణలోనే ఎంఎస్సీ చేయొచ్చు. మన ప్రాంతానికి ఈ చదువు ఎంత అవసరమో చెప్పడానికి నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ చాలు. ఒక పల్లెటూరు, ఇంటింటికీ వెయిట్‌లిఫ్టర్. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో కాంస్యం గెలిస్తే, మొదటి స్థానంలో నిలిచిన అమ్మాయి డోపింగ్‌లో దొరకడంతో అది వెండి అయింది. ఏ డబ్బాలో ఏముందో చదివి చెప్పగలిగే మనిషి ఆటగాడి పక్కన లేకపోతే ఏమవుతుందో ఆ కథ రెండో వైపు నుంచి చూస్తే తెలుస్తుంది. జిమ్ముల్లో పౌడర్ డబ్బాలు అంటగడుతున్న కుర్రాళ్ల దగ్గర ఈ చదువు లేదు, ఆ సంగతి ఆ డబ్బా కొంటున్న పిల్లల అమ్మానాన్నలకి తెలియాలి.

ఇక బీపీవో. చిట్టాలో ఈ పేరు చూసి కాల్ సెంటర్ అనుకున్నారట వాళ్ల ఇంట్లో. కృత్రిమ అవయవాలు, కాలికి చేతికి ఆసరాగా కట్టే పరికరాలు తయారు చేసి అమర్చే చదువు ఇది, ఎంపీసీ పిల్లలు కూడా చేరొచ్చు. బీపీటీ, ఆక్యుపేషనల్ థెరపీ (రోగి తన రోజువారీ పనులు మళ్లీ చేసుకోగలిగేలా చేసే చికిత్స), బీపీవో మూడూ ఒకేచోట చెప్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో ఉంది, స్వామి వివేకానంద పేరు మీద. మన జిల్లా వాళ్లకి ఈ సంగతి తెలియకపోవడం నాకు చాలా బాధనిపిస్తుంది. శ్రీకాకుళం రోడ్‌లోనో పలాసలోనో రైలెక్కితే కటక్ అంత దూరమేమీ కాదు, కానీ మనం ఎప్పుడూ విశాఖ, హైదరాబాద్ వైపే చూస్తాం. సీట్లు తక్కువ, జాతీయ స్థాయి పోటీ, అయినా రాసి చూడాలి.

ఆటలతో సంబంధం లేకపోయినా వైద్యానికి అనుబంధంగా చాలా బీఎస్సీలు ఉన్నాయి, ల్యాబ్, అనస్థీషియా, గుండె పరీక్షలు, డయాలసిస్. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం ప్రాంతం మన జిల్లాలోనే ఉంది కాబట్టి ఇక్కడ డయాలసిస్ టెక్నాలజీ చదివిన పిల్లలకి పని వెతుక్కోవాల్సిన అవసరం తక్కువ. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. యోగా వైపు వెళ్లేవాళ్లు మాత్రం ఒక తేడా గమనించాలి: బీఎస్సీ యోగా వేరు, బీఎన్‌వైఎస్ వేరు. రెండోది ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు, ప్రకృతి వైద్యుల్ని తయారు చేసే కోర్సు.

కాలేజీ ఎంచుకునేటప్పుడు భవనం చూడకండి. బీపీటీ అయితే విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం అనుబంధ జాబితాలో ఆ కాలేజీ పేరు ఉందో లేదో, బీపీఈడీ అయితే ఎన్‌సీటీఈ (ఉపాధ్యాయ విద్య జాతీయ మండలి) గుర్తింపు ఉందో లేదో మీరే చూసుకోండి, ఏజెంటు చూపించే జిరాక్స్ కాగితం కాదు. తరవాత ఒక మామూలు పని దినాన, చెప్పకుండా, పొద్దున పదింటికి వెళ్లండి. ఫిజియో కాలేజీ అయితే దాని ఆస్పత్రి ఓపీలో రోగులు ఉన్నారా? వ్యాయామ కాలేజీ అయితే మైదానంలో గడ్డి ఎంత ఎత్తు పెరిగింది? రెండో ఏడాది పిల్లల్ని పక్కకి పిలిచి ప్రాక్టికల్స్ వారానికి ఎన్ని జరుగుతాయో అడగండి. పిల్లలు అబద్ధం చెప్పరు. ఇంకొకటి, మీకు కావాల్సిన ఉద్యోగం పాత నోటిఫికేషన్ ఒకటి సంపాదించి అందులో విద్యార్హతల పేరా చదివి, అక్కడ రాసి ఉన్న డిగ్రీ పేరే మీరు చేరబోయే కోర్సు పేరా కాదా అని అక్షరం అక్షరం సరిచూసుకోండి. మా తమ్ముడు చేయనిది అదొక్కటే.

ఆ తండ్రికి ఇంత చెప్పలేదు, అంత సేపు ఆయనకీ లేదు, బయట వేరే వాళ్లు కూర్చుని ఉన్నారు. అమ్మాయిని మాత్రం ఒకటి అడిగాను: “నీకు ఆడటం ఇష్టమా, ఆడించడం ఇష్టమా, దెబ్బ తగిలిన వాళ్లని లేపడం ఇష్టమా?” చాలాసేపు ఆలోచించింది. తరవాత మూడు వారాలకి ఎమ్మారై రిపోర్టుతో మళ్లీ వచ్చారు. లిగమెంటు తెగింది, ఆపరేషన్‌కి రోజు కూడా పెట్టుకున్నారు. ఆ రిపోర్టు కవరు వెనకాల ఆ పిల్ల పెన్సిల్‌తో రెండు పేర్లు రాసుకుంది, బీపీటీ, దాని కింద కటక్.